మంగళవారం పెళ్లి

నర్సింహకు రెండుసార్లు పెళ్లయింది, ఒకే అమ్మాయితో. మొదటిది 2023 జనవరి పదిహేడున బ్రాంప్టన్ సిటీ హాల్లో, పావుగంటలో ముగిసింది. రెండోది ఆగస్టు చివర్లో రిచ్‌మండ్ హిల్ గుడిలో, బాజాభజంత్రీలతో నాలుగు గంటలు సాగింది. ఆ మధ్య ఏడు నెలలూ అతనికి పెళ్లయిందా లేదా అనడిగితే మనిషికో జవాబు. సర్కారు లెక్కలో అయింది. అత్తగారి లెక్కలో కాలేదు. అతన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆలేరు నుంచి వచ్చినవాడు. హైదరాబాదులో బీటెక్ అయిందనిపించుకుని, రెండేళ్లు ఏవో ఉద్యోగాలు చేసి, 2022 జనవరిలో టొరంటోలో దిగాడు. అప్పట్లో విమానాలకు విమానాలే కుర్రకారుతో నిండి వచ్చేవి. ఫీజు కట్టించుకునే దాకా ‘వెల్‌కమ్’ అన్న కాలేజీ, వచ్చి చూస్తే ఒక ప్లాజాలో టైర్ల దుకాణం మీద రెండో అంతస్తు. పాఠం చెప్పే ఆయన స్లైడ్లు చదివి, తన రెండో ఉద్యోగానికి పరిగెత్తేవాడు. ఏడాది కోర్సు, పేరు సప్లై చెయిన్. చదివినవాళ్లంతా సాయంత్రం అదే చెయిన్‌లో పెట్టెలు మోసేవాళ్లు. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం పడితే రెండొందల మంది చలిలో వరుస కట్టేవాళ్లు. ఆ వరుసలో నర్సింహ రెండుసార్లు నిలబడ్డాడు. మూడోసారి వెళ్లలేదు. ‘చలికి చావడానికైతే ఇంట్లనే చస్తా’ అన్నాడు.

ఇల్లంటే బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్. ఆరుగురు మగవాళ్లు, ఒక బాత్రూమ్.

చివరికి మిస్సిసాగాలో, ఎయిర్‌పోర్టు దగ్గర మందుల గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ పని దొరికింది. అక్కడే కావ్యశ్రీ పరిచయమైంది. ఆమె మందుల కంపెనీ తరఫున నాణ్యత చూసే ఉద్యోగి. ఒకరోజు ఇన్సులిన్ ఎక్కించాల్సిన ట్రక్కు లోపల ఉండాల్సినంత చల్లగా లేదని, నర్సింహ లోడు ఆపేశాడు. సూపర్‌వైజర్ ఎక్కించమన్నాడు. ఇతను ఎక్కించనన్నాడు. ‘రాసివ్వు, నువ్వే ఎక్కించమన్నవని కాగితం మీద రాసివ్వు, ఎక్కిస్త’ అని సరుకెక్కించే డాక్ తలుపుకి అడ్డంగా బండి పెట్టి కూర్చున్నాడు. తనిఖీకి వచ్చిన కావ్యశ్రీ థర్మామీటర్ చూసి, లోడు ఆపమని సంతకం పెట్టి, వెళ్తూ వెళ్తూ, అతని బ్యాడ్జి మీద పేరు చూసి తెలుగులో అడిగింది: ‘మీరు ఎప్పుడూ ఇంత కోపంగానే ఉంటారా?’

‘లేదు మేడమ్. లంచ్ టైమ్‌ల జర తక్కువ ఉంటది.’

తెలుగులో అడిగితే తెలుగులో జవాబిచ్చిన ఆ తీరు ఆమెకు నచ్చింది. ఏలూరు వాళ్ల అమ్మాయి. పన్నెండో ఏట వచ్చి రిచ్‌మండ్ హిల్‌లో పెరిగింది, కెనడా సిటిజన్. తండ్రి జనార్ధనరావు అమెరికాలో కొన్నాళ్లు, ఇక్కడ చాన్నాళ్లు సాఫ్ట్‌వేర్ చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఆయన మాట వినపడదు. వినపడేది తల్లి శాంతమ్మ మాట.

పెళ్లి చేసుకుంటామని ఇద్దరూ చెప్పినప్పుడు శాంతమ్మ అరవలేదు. కాఫీ ఇచ్చింది. నర్సింహ తాగి కప్పు కింద పెట్టాక అడిగింది.

‘నీ వర్క్ పర్మిట్ ఎప్పటిదాకా ఉంది అబ్బాయ్?’

‘కోర్సు ఇప్పుడే అయింది ఆంటీ. ఇంక అప్లై చెయ్యాలె. వస్తే ఒక ఏడాది ఉంటది.’

‘ఆ తర్వాత?’

‘తర్వాత చూడాలె.’

‘చూడక్కర్లేదులే. మా అమ్మాయి ఉందిగా.’

ఆ మాట నర్సింహ గుండెలో ముల్లులా దిగింది. బస్సుల్లో తిరిగి వెళ్తున్నంతసేపూ దవడ బిగించుకునే కూర్చున్నాడు. కోపం రావడం ఒక బాధైతే, ఆమె అన్నలాంటిది లోకంలో నిజంగానే జరుగుతుండడం ఇంకో బాధ. కాగితాల కోసం తాళి కట్టినవాడు అతని బేస్‌మెంట్‌లోనే ఒకడున్నాడు. కానీ వాడు చేసినదానికి ఇతను ఎందుకు తల వంచాలి?

ఇమ్మిగ్రేషన్ వ్యవహారాలు చూసే మహీధర్ అనే ఆయన మిస్సిసాగాలో ఒక స్వీట్ షాపు మీద ఆఫీసు పెట్టుకున్నాడు. అతను చెప్పింది సూటిగానే ఉంది. ‘ముందు రిజిస్టర్ చేసుకోండి బ్రదర్. ఒకే ఇంట్లో కాపురం పెట్టండి. వెంటనే భార్య స్పాన్సర్‌షిప్ మీద పీఆర్‌కి, అదే శాశ్వత నివాసానికి, స్పౌజల్ ఫైల్ వేద్దాం. క్యూ రోజురోజుకీ పెరుగుతోంది. ముహూర్తాలు తర్వాత చూసుకోవచ్చు.’

సిటీ హాల్లో దొరికిన తేదీ జనవరి పదిహేడు. శాంతమ్మ పంచాంగం తీసింది. పుష్యమాసం. అందులోనూ మంగళవారం.

‘మా ఇంటావంటా పుష్యంలో పెళ్లిళ్లు లేవు. మంగళవారం అసలే లేవు. సంతకాలంటారా, చేసుకోండి. బ్యాంకులో కూడా చేస్తాం సంతకాలు. దాన్ని పెళ్లి అని మాత్రం నా ఇంట్లో ఎవరూ అనకూడదు.’

చెప్పినట్టే చేసింది. ఆ రోజు నలిగిన చీర కట్టుకొచ్చింది. కూతురిని పువ్వులు పెట్టుకోనివ్వలేదు. పెళ్లి జరిపే ఉద్యోగిని, పాపం నవ్వుమొహంతో, ఇక ఒకరినొకరు ముద్దు పెట్టుకోవచ్చంది. నర్సింహ అత్తగారి మొహం చూసి పెళ్లికూతురికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. సాక్షి సంతకానికి వచ్చిన రూమ్మేట్ పాండురంగ ఫోన్ తీసి ఫోటో తియ్యబోతే శాంతమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ‘ఫోటోలు వద్దు బాబూ. శుభకార్యం కాదు ఇది.’ బయటికొచ్చాక అమ్మాయిని తన కారులో ఎక్కించుకుంది. అంతకుముందు పార్కింగ్ లాట్‌లోనే ఇద్దరి చేతా తన చేతిలో చెయ్యి వేయించుకుని ఒట్టు పెట్టించుకుంది: తాళి పడేదాకా పెళ్లయిందని ఎక్కడా, ఎవరితోనూ అనకూడదు. ఒక ఇంట్లో ఉండకూడదు. పెళ్లికొడుకు పాండురంగ కారులో బేస్‌మెంట్‌కి పోయి పప్పుచారు తిని పడుకున్నాడు.

మేలో ముహూర్తం అనుకున్నారు. జనార్ధనరావు తమ్ముడు కాలు విరగ్గొట్టుకుని ప్రయాణం మానుకున్నాడు. ఆ తర్వాత ఆషాఢం. ఆ ఏడాది ఖర్మకొద్దీ అధిక శ్రావణం వచ్చి పడింది. మంచి రోజులు ఆగస్టు చివరికి జరిగాయి. ఆ ఏడు నెలలూ నర్సింహ ప్రతి ఆదివారం మూడు బస్సులు మారి రిచ్‌మండ్ హిల్ వెళ్లి, పెళ్లాన్ని హాల్లో సోఫాకి ఈ చివర నుంచి ఆ చివర చూసి, శాంతమ్మను ‘ఆంటీ’ అని పిలిచి, తిరిగి వచ్చేవాడు.

ఫిబ్రవరిలో వర్క్ పర్మిట్ ఫారం నింపాడు. బేస్‌మెంట్‌లో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, తనే సొంతంగా. మారిటల్ స్టేటస్ దగ్గర ఆగాడు. పక్క మంచం మీద పాండురంగ చిప్స్ తింటున్నాడు.

‘ఏం పెడ్తవ్ మామా?’ అన్నాడు పాండురంగ.

‘అదే చూస్తున్న.’

‘నీ పెండ్లామేది?’

‘రిచ్‌మండ్ హిల్ల.’

‘నువ్వేడున్నవ్?’

‘నీ పక్కన.’

‘మరింకేంది. సింగిలే.’

నవ్వుకుంటూనే కావ్యశ్రీకి ఫోన్ చేశాడు. ఆమె గొంతు తగ్గించి, ‘అమ్మ ఇక్కడే ఉంది. ఇంకా కాలేదుగా. ఒట్టు వేశాం కూడా’ అంది. నర్సింహ ‘సింగిల్’ నొక్కాడు. మోసం చేద్దామని కాదు. దాచి దొరకబుచ్చుకునే లాభం అందులో ఏమీ లేదు, పెళ్లయిందని రాసినా ఆ పర్మిట్ వచ్చేదే. ఆరుగురు మగాళ్ల మధ్య పడుకుని నేను పెళ్లైనవాణ్ణి అని రాయడానికి అతని చెయ్యి రాలేదు, అంతే.

ఆగస్టులో తాళి పడింది. ఇద్దరూ మిస్సిసాగాలో ఒక అపార్ట్‌మెంట్‌లో కాపురం పెట్టారు. ఇక ఒకే ఇల్లు గనక, అక్టోబరులో మహీధర్ స్పౌజల్ ఫైల్ వేశాడు. పెళ్లి తేదీ దగ్గర సర్టిఫికెట్‌లో ఉన్నట్టు జనవరి పదిహేడు అని కొట్టాడు. ఫిబ్రవరి ఫారంలో ఏముందో అతను అడగలేదు, నర్సింహకు గుర్తు రాలేదు. పాత పర్మిట్ మార్చిలో అయిపోతుందనగా ఆ ఫైల్ ఆధారంగా, ఎక్కడైనా పని చేసుకోనిచ్చే కొత్త ఓపెన్ వర్క్ పర్మిట్‌కి కూడా వేశారు. జవాబొచ్చేదాకా పాత షరతుల మీదే పని చేసుకోవచ్చునని రూలు. ఆ రూలు గోదాములో హెచ్‌ఆర్ ఆవిడకు తెలియదు. కార్డు మీద తేదీ దాటిందని ఇంటికి పంపించింది. రూలు ఉన్న పేజీ అచ్చు తీసి, గీత గీసి, మూడుసార్లు చేతికిస్తే, తొమ్మిది రోజులకు తిరిగి పనిలోకి రమ్మంది. సారీ అనలేదు. ‘ఇప్పుడు ఓకే’ అంది, తనేదో కరుణించినట్టు.

2024 జూన్‌లో ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.

లంచ్ టైమ్‌లో గోదాము వెనక బెంచి మీద కూర్చుని ఫోన్‌లో చదివాడు. 2023 ఫిబ్రవరిలో మీరు అవివాహితులమని రాశారు. జనవరిలో వివాహమైనట్టు ఇప్పుడు సర్టిఫికెట్ ఇచ్చారు. పెళ్లి తర్వాత ఏడు నెలలు వేర్వేరు చిరునామాల్లో ఉన్నారు. పౌర వివాహం ఫోటో ఒక్కటి కూడా లేదు. మీరు వాస్తవాన్ని తప్పుగా చూపారని, ఈ వివాహం నిజమైనది కాదని అనుకోవడానికి ఆస్కారముంది. ముప్పై రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి. అది చాలదనుకుంటే ఐదేళ్లపాటు కెనడాలో అడుగు పెట్టే వీలుండదు.

ఐదేళ్లు. ఆ మాట దగ్గర అన్నం డబ్బా పక్కన పెట్టేశాడు. ఐదేళ్లంటే ఈ ఉద్యోగం లేదు, ఈ ఇల్లు లేదు, కావ్య ఒక దేశంలో తనొక దేశంలో. అసలు తను ఎవర్ని మోసం చేశాడని? ఒకే అమ్మాయిని రెండుసార్లు చేసుకున్నవాడిని పట్టుకుని నీది దొంగపెళ్లి అంటున్నారు. డబ్బా మూత విసిరేస్తే అది పోయి చెత్తబుట్టకు తగిలి కింద పడింది. లేచి తీసి బుట్టలో వేశాడు. కెమెరాలున్నాయి మరి.

మహీధర్ ఉత్తరం చదివి కళ్లజోడు తీశాడు. ‘నువ్వు సింగిల్ అని పెట్టావని నాకెందుకు చెప్పలేదు?’

‘నువ్వెందుకు అడగలేదన్నా? ఫీజు తీసుకున్నది నువ్వా నేనా?’

‘అరవకు బ్రదర్. దారి ఉంది. టైపింగ్ పొరపాటు అని రాద్దాం. పాత ఫారం కాపీ చేస్తే సింగిల్ అని మిగిలిపోయింది, గమనించలేదు. చిన్నగా, మర్యాదగా, ఒక పేజీ. చాలామందికి పని చేసింది.’

పక్కనే కూర్చున్న కావ్యశ్రీ వెంటనే ఒప్పుకుంది. ‘జస్ట్ సెండ్ ఇట్, నర్సింహా. ప్లీజ్. ఇప్పుడు ప్రిన్సిపుల్స్ వద్దు.’

‘ప్రిన్సిపుల్ కాదు కావ్యా. అబద్ధమే ఆడాలెనంటే అతికేటిదన్నా ఆడాలె. టైపింగ్ పొరపాటుకు ఏడు నెలలు వేరే ఇంట్ల ఎందుకుంటరు? ఫోటోలు ఎందుకుండవు? వాళ్లు ఒక్కటే అడుగుతలేరు, మూడు అడుగుతున్నరు.’

మహీధర్ ఉత్తరం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

‘మూడింటికీ జవాబు ఒక్క మనిషి దగ్గరే ఉంది’ అన్నాడు నర్సింహ. ‘మీ అమ్మ రాసియ్యాలె.’

ఆదివారం ఇద్దరూ రిచ్‌మండ్ హిల్ బయలుదేరారు. దారి పొడుగునా కారులో తగువే. టిక్ పెట్టింది నువ్వంది ఆమె. పెట్టమన్నది నువ్వన్నాడు ఇతను. పెట్టమనలేదు, కాలేదన్నాను, అంది. రెండింటికీ తేడా ఏందో ఆఫీసర్‌కి పోయి చెప్పు అన్నాడు. ఇంటి ముందు కారు ఆపేసరికి ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి.

శాంతమ్మ వంకాయలు తరుగుతోంది. తాళి పడిన దగ్గర్నుంచీ అల్లుణ్ణి ‘మీరు’ అంటోంది. ఆ మీరులో మన్నన కంటే దూరమే ఎక్కువ. ఉత్తరంలో ఉన్నదంతా కావ్యశ్రీ చెప్పింది. ఆమె కత్తిపీట ఆపకుండా విన్నది.

‘నన్నేం చెయ్యమంటారు?’

‘జరిగింది జరిగినట్టు రాయండి అత్తమ్మా’ అన్నాడు నర్సింహ. ‘ఫోటోలు వద్దన్నది మీరు. వేరే ఉండమన్నది మీరు. పెళ్లి కాలేదని చెప్పమని ఒట్టు పెట్టించుకున్నది మీరు.’

‘అంటే తప్పంతా నాదని రాసి సంతకం పెట్టాలి. బాగుంది. నా కూతురికి పుష్యమాసం మంగళవారం పెళ్లయిందని నా చేత్తో నేనే రాసివ్వాలి.’

‘అయిందా లేదా?’

‘కాలేదు.’

‘నేను కూడా కాలేదనే రాసిన. దానికే ఐదేండ్లు పొమ్మంటున్నరు.’

జనార్ధనరావు పేపరు పక్కన పెట్టి, ‘శాంతా, నువ్వే కదా...’ అన్నాడు.

‘మీరు ఊరుకోండి. పంచాంగం మీకేం తెలుసు.’ ఆయన పేపరు మళ్లీ ఎత్తుకున్నాడు.

నర్సింహ సోఫాలోంచి లేచాడు. కోపం పైకొస్తోందని తెలిసి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ‘అత్తమ్మా, ఒక్కటి సోచాయించండి. నేను పోతే మీ బిడ్డ ఇక్కడ ఒక్కతే అయితది.’

‘ఒక్కతే ఎందుకవుతుంది?’ అంది శాంతమ్మ, వంకాయ ముక్కలు నీళ్లలో వేస్తూ. ‘నా దగ్గరుంటుంది.’

అన్నది తను కాదన్నట్టు శాంతమ్మ చేతులు ఆగాయి. నర్సింహకు ఒళ్లంతా మండింది. కావ్యశ్రీ తల్లినే చూస్తోంది.

‘సో అదన్నమాట’ అంది మెల్లగా. ‘ఇతను వెళ్లిపోతే నీకు ఓకే.’

‘నేనలా అనలేదు.’

‘అన్నావు. అమ్మా, ఇతను వెళ్తే నేను ఇక్కడికి రాను. ఆలేరు వెళ్తాను. అక్కడ ఏం జాబ్ చేస్తానో నాకు తెలీదు, బట్ ఈ ఇంటికి మాత్రం రాను. డాడీకి ఫోన్ చేస్తా. నీకు చెయ్యను.’

‘బెదిరిస్తున్నావా?’

‘లేదు. ఇన్‌ఫామ్ చేస్తున్నా.’

తినకుండానే లేచి వచ్చేశారు. తిరుగు దారిలో ఇద్దరూ తగువాడుకోలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

మూడో రోజు జనార్ధనరావు మిస్సిసాగా వచ్చాడు. ఎప్పుడూ హైవే ఎక్కని మనిషి, గంటంపావు చిన్న రోడ్ల మీద డ్రైవ్ చేసుకుంటూ. ఒక కవరు చేతికిచ్చాడు. ‘మీ అత్తగారు రాసింది. నాకు చూపించలేదు. నచ్చితే పంపుకోమంది, లేకపోతే చింపెయ్యమంది. ఒక్క మాట మారిస్తే మాత్రం ఊరుకోనంది.’

రూళ్ల కాగితం మీద, తెలుగులో, పెన్ను గట్టిగా నొక్కి రాసిన ఉత్తరం.

‘ఆఫీసర్ గారికి. నా పేరు శాంతమ్మ, కావ్యశ్రీ తల్లిని. మీరు అడిగే జనవరి పదిహేడో తారీఖున నేను అక్కడే ఉన్నాను. దాన్ని పెళ్లి అని నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. పుష్యమాసంలో మేము పెళ్లి చెయ్యం. ఫోటోలు తియ్యొద్దన్నది నేను. వేరు కార్లలో పంపింది నేను. తాళి కట్టేదాకా పెళ్లి కాలేదనే చెప్పాలని ఇద్దరి చేతా ఒట్టు వేయించింది నేను. ఎందుకంటే ఈ అబ్బాయి కాగితాల కోసం మా అమ్మాయిని చేసుకుంటున్నాడని నాకు అనుమానం. ఏడు నెలలు దూరంగా పెడితే విసిగి వెళ్లిపోతాడేమో చూద్దామనుకున్నాను. వెళ్లలేదు. ప్రతి ఆదివారం మూడు బస్సులు మారి వచ్చి, నా చేత మాటలు పడి వెళ్లేవాడు. అతని కోపం నాకు నచ్చదు. అతను వెళ్లిపోతే బాగుండునని మొన్న ఆదివారం దాకా అనుకున్నాను. కానీ అతను మీకు అబద్ధం రాశాడంటే ఆ అబద్ధం నాది. అతనికి వెయ్యాలనుకున్న శిక్ష ఏదైనా ఉంటే నాకు వెయ్యండి.’

కావ్యశ్రీ చదువుతూ చదువుతూ బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుంది. నర్సింహ కాగితాన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాడు. కోపం పోలేదు. అనుమానపడిందని తెలుసు గానీ, ఆ ఏడు నెలలూ పరీక్ష అని తెలియదు. ఎలుకను బోనులో పెట్టి చూసినట్టు చూసిందన్నమాట. చింపేద్దామని కూడా అనిపించింది.

మహీధర్ అయితే తల పట్టుకున్నాడు. ‘ఇది పంపితే అయిపోయినట్టే. వాళ్లు దొంగపెళ్లా అని అడుగుతుంటే, పిల్ల తల్లే నాకూ అదే అనుమానం అని రాస్తోంది. మన చేతికి మనమే సంకెళ్లు వేసుకున్నట్టు. కనీసం అనుమానం ఉన్న ఆ రెండు లైన్లు తీసేద్దాం. ట్రాన్స్‌లేటర్ మనవాడే.’

‘తీసేస్తే ఏం మిగుల్తది?’ అన్నాడు నర్సింహ. ‘ఎందుకు వేరే పెట్టిందో తెల్వకుంటే, వేరే పెట్టిందనేది ఎవడు నమ్ముతడు?’

‘రిస్క్ బ్రదర్. నీ స్టేటస్, నీ ఇష్టం. నా పేరు మీద మాత్రం పంపను.’

‘పంపకు. నా పేరు మీదనే పోతది.’

ఇంటికొచ్చి కావ్యశ్రీని అడిగాడు. ఆమె ముప్పై రోజుల్లో మిగిలిన పదకొండు రోజుల్నీ క్యాలెండర్‌లో చూసింది, ఉత్తరాన్ని చూసింది. ‘అమ్మ జీవితంలో ఎప్పుడూ తప్పు నాది అనలేదు. అది కట్ చేసి పంపితే నేను ఊరుకోను’ అంది. నర్సింహ తన సంజాయిషీ తనే రాసుకున్నాడు, పేజీన్నర. సింగిల్ అని నేనే నొక్కాను, పొరపాటున కాదు, మా ఇంటి లెక్కలో అప్పటికి పెళ్లి కాలేదు, మీ లెక్క వేరని తెలిసుండాల్సింది, అని. ప్రాధేయపడలేదు. దానికి శాంతమ్మ ఉత్తరం అక్షరం పోకుండా అనువాదం చేయించి, అనువాదకుడి ప్రమాణపత్రంతో జత చేశాడు. పాండురంగ ఆ రోజు సాక్షిగా చూసిందంతా ఇంకో కాగితం మీద రాసిచ్చాడు. పంపే బటన్ మీద వేలు పెట్టి నర్సింహ ఆగాడు. కావ్యశ్రీ ఆ వేలు మీద తన వేలు పెట్టి నొక్కింది.

ఆ తర్వాత ఏడు వారాలు. రోజుకు నలభైసార్లు పోర్టల్ తెరవడం, అవే అక్షరాలు చూడడం. ఆ ఎండాకాలమంతా రేడియోలో, ఆన్‌లైన్‌లో ఒకటే గోల: స్టూడెంట్లు ఎక్కువయ్యారు, ఇళ్ల అద్దెలు వీళ్ల వల్లే, ఆస్పత్రిలో వరుసలు వీళ్ల వల్లే. రమ్మని ఫీజులు దండుకున్నప్పుడు ఈ లెక్కలు ఎవరికీ రాలేదు. గోదాములో ఒకడు నవ్వుతూ ‘నీ సూట్‌కేస్ సర్దుకున్నావా?’ అన్నాడు. నర్సింహ ఫోర్క్‌లిఫ్ట్ దిగి వాడి ముందుకు వెళ్లి నిలబడ్డాడు. ఏమీ అనలేదు. వాడే పక్కకు జరిగాడు. ఆ ఒక్క గొడవ ఫైలుకెక్కితే చాలు, అన్నీ పోతాయని తెలిసి మింగిన కోపం అది. మింగడం వల్ల అరగలేదు.

ఆగస్టు చివర్లో, ఒక బుధవారం పొద్దున, ఓపెన్ వర్క్ పర్మిట్ వచ్చింది. రెండేళ్లకి. వివరణ పరిశీలించాం, తప్పుగా చూపారన్న అంశాన్ని ఇక ముందుకు తీసుకెళ్లడం లేదు, అని ఒక వాక్యం. పీఆర్ ఫైల్ ఇంకా పరిశీలనలోనే ఉంది, అని ఇంకో వాక్యం. అంతకు మించి ఒక్క ముక్క లేదు. రెండు నెలలు మనిషిని నిప్పుల మీద నిలబెట్టి, దిగిపో అన్నట్టు. నర్సింహ సంతోషపడదామని కూర్చున్నాడు. రాలేదు. కావ్యశ్రీ ఏడ్చింది, తర్వాత నవ్వింది, తర్వాత తల్లికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

అటు నుంచి శాంతమ్మ గొంతు సర్దుకుని, ‘ఆదివారం భోజనానికి రండి’ అంది. ‘వచ్చేటప్పుడు నేను రాసినదాని ఇంగ్లీషు కాపీ తీసుకురమ్మను అల్లుడుగారిని. ఏం రాశారో నేను వినాలి.’

ఆదివారం అన్నాలు తినేశాక నర్సింహ సోఫాలో కూర్చుని చదివాడు. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి, మళ్లీ తెలుగులో చెప్పాడు. శాంతమ్మ ఎదురుగా కుర్చీలో, కళ్లు మూసుకుని వింది. అనుమానం దగ్గర కదల్లేదు. విసిగి వెళ్లిపోతాడేమో అన్న దగ్గర తలాడించింది. ‘ప్రతి ఆదివారం మూడు బస్సులు మారి’ అనేసరికి కళ్లు తెరిచింది.

‘ఆగండి. పోయినేడాది జూన్‌లో రెండు ఆదివారాలు మీరు రాలేదు.’

‘ఓవర్‌టైమ్ ఉండె అత్తమ్మా.’

‘ఉంటే ఉంది. ప్రతి ఆదివారం అని నేను రాసింది తప్పే కదా మరి. పీఆర్ వచ్చేలోపు దాన్ని సరిచేస్తూ ఇంకో కాగితం పంపాలి.’

‘వద్దు అత్తమ్మా.’

‘వద్దేంటి? రేపు మళ్లీ ఎవడో ఆఫీసర్ లెక్కేసి, రెండు వారాలు ఎక్కడికెళ్లాడు అంటే?’

‘అత్తమ్మా, మీకు దండం పెడ్త. ఇంకో కాగితం వద్దు.’

జనార్ధనరావు పేపరు వెనక నుంచి దగ్గినట్టు నవ్వాడు. శాంతమ్మ అప్పటికే లేచి, రూళ్ల కాగితాల కోసం సొరుగు లాగుతోంది. నర్సింహకు నెత్తికెక్కిన కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెళ్లిపోదామని కారు తాళాలు తీశాడు. కావ్యశ్రీ అతని చేతిలోంచి తాళాలు లాక్కుని తన బ్యాగులో వేసుకుని, ‘అమ్మకి పెన్ను ఇవ్వు’ అంది. ఏం చేస్తాడు, ఇచ్చాడు.